కారులోని గాలి

కారు ఆగగానే నా భర్త దిగి నీడ వెతుక్కుంటూ వెళ్ళిపోతాడు. నేను లోపలే ఉండి, వెనక సీటు మీద మడిచి పెట్టిన వెండిరంగు ఎండతెరను విప్పి, ముందు అద్దానికి ఆనించి, పైన ఎండ కళ్ళలో పడకుండా దించుకునే రెండు రెక్కల కింద దాని అంచును బిగించి, పక్కల సందు లేకుండా సర్ది అప్పుడు దిగుతాను. తిరిగి బయలుదేరేటప్పుడు ఆయన నీడలోనే నిలబడి తాళంచెవి నా చేతిలో పెడతాడు. "పో కృపా, జర ఏసీ వేసి పెట్టు. చల్లగైనంక వస్త." నేను వెళ్ళి, ఎండకు మగ్గిన కారు తలుపు తీసి, ఆ వేడిలో కూర్చుని, తెర మడిచి, ఇంజను నడిపించి, చాలాసేపయ్యాక చేయి ఊపుతాను. ఇంజను ఎలా మొదలుపెట్టాలో నాకు తెలుసు. కారును జానెడు కదపడం తెలియదు.

ఉద్యోగంలో ఉన్న కాలమంతా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బడుల్లో భౌతికశాస్త్రం చెప్పాను. ఉష్ణం ఎలా ప్రయాణిస్తుందో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో సొంత కార్లు నడుపుతూ, ఆపి మరీ నమస్కారం పెడతారు. నేనూ కారు నడపడం నేర్చుకుంటానని ఒకసారి అడిగాను. "నీకు న్యూటన్ సూత్రాలు మూడు తెలుసు గని, బ్రేకు ఎప్పుడు తొక్కాల్నో తెల్వది," అన్నాడు నా భర్త విద్యాసాగర్, చుట్టాలందరి ముందర. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో నాదీ ఉంది. అప్పుడు నవ్వకపోతే హాస్యం తెలియని మనిషినని అనుకుంటారేమోనన్న భయం ఒక్కటే నాకు గుర్తుంది.

బయటివాళ్ళకు నా భర్త ఉదారుడు. మాది క్రైస్తవ కుటుంబం. ప్రార్థన వేళ అందరూ తలలు వంచినప్పుడు నేను వంచను. ఋజువు లేనిదాన్ని నమ్మలేనని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను. "నేనేం బలవంతపెట్ట. ఆమె ఇష్టం ఆమెది," అని ఆయన సంఘపెద్దల దగ్గర గర్వంగా చెప్పుకుంటాడు. అంత పెద్ద విషయంలో స్వేచ్ఛ ఇచ్చిన మనిషిని ఇంత చిన్న విషయంలో తప్పు పట్టడం అల్పత్వం అవుతుందని నేను చాలాకాలం నోరు మెదపలేదు. స్వేచ్ఛ ఒకరు ఇస్తే వచ్చేదా అన్న ప్రశ్న, తరగతిలో ఏ పిల్లవాడైనా అడిగి ఉంటే మెచ్చుకునేదాన్నే, నన్ను నేను అడగలేదు.

పోయిన ఎండాకాలం కందుకూరులో ఒక పెళ్ళికి పోయి వస్తూ, ఆ వేడి కారులో కూర్చున్నాక నా కళ్ళకు చీకట్లు కమ్మాయి. కాలు తలుపు బయట పెట్టి కూర్చున్నాను కాబట్టి ఎలాగో బయటపడ్డాను. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు అటువంటి ఉక్కలో కూర్చోకూడదని డాక్టరు ఇద్దరికీ చెప్పింది. "నీళ్ళు సరిగ తాగది డాక్టరమ్మా," అన్నాడు ఆయన. ఆ తర్వాతి ఆదివారం తాళంచెవి మళ్ళీ నా చేతిలోనే ఉంది. మూర్ఛ వస్తుందని తెలిసీ వెళ్ళాను, అదే నాకు అర్థం కాదు.

ఈ వేసవి మొదట్లో మా మరిది వినోద్ కుమార్, తోటికోడలు రూత్ భోజనానికి వచ్చారు. నేను వడ్డిస్తుంటే నా భర్త మొదలుపెట్టాడు. "మా కృపకు దేవుని మీద నమ్మకం లేదు గని కారు అద్దానికి పెట్టే ఆ రేకు మీద మస్తు నమ్మకమున్నది. ఎన్నిసార్లు చెప్పిన, రేకు పెట్టినా పెట్టకున్నా లోపల గదే వేడి అని." వినోద్ నా వైపు తిరిగాడు. "అవ్ వదినా, నిజంగ చల్లగుంటదా?" నేను తడబడ్డాను. ఇన్నేళ్ళు ఆ తెరను విప్పుతూ, మడుస్తూ, ఒక్కసారైనా కొలవలేదు. కొలవనిదాన్ని చెప్పవద్దని పిల్లలకు నేర్పిన నోటితో ఏం చెప్పను? మొహం వేడెక్కింది.

కొలిచాను. వినోద్ కారు మా కారులాంటిదే, రంగు కూడా తెలుపే. దాన్ని కొన్నాళ్ళు మా ఇంటి ముందు వదిలి వెళ్ళమన్నాను. రెండూ ఒకే దిక్కుకు నిలబెట్టించి, ముందు తెర లేకుండా చూశాను. వేడి రెండింట్లో ఒకటే. తర్వాత ఒకదానికి తెర, మరునాడు రెండోదానికి. ప్రతి కారులో ఒక థర్మామీటరు స్టీరింగుకు ఆనేలా, ఇంకొకటి నేను కూర్చునే సీటు దగ్గర గాలిలో వేలాడేలా కట్టాను. తెర ఏ కారుకు పెట్టినా, ప్రతిసారీ దాదాపు అదే ఫలితం వచ్చింది.

నాదర్‌గుల్‌లో వినోద్ ప్రార్థన పెట్టించి కొత్తిల్లు ప్రతిష్ఠ చేసిన రోజున భోజనాల దగ్గర నా భర్తే అడిగాడు. "ఏమాయె నీ పరిశోధన? పాస్టరు గారు గూడ వింటరు, చెప్పు." తెర పని చేస్తుందని ఒక్క మాట అనేస్తే నా పరువు నిలిచేది. కానీ అది సగమే నిజం.

"స్టీరింగు బాగా చల్లగ ఉంటది," అన్నాను. "తెర లేకుంటే చెయ్యి పెట్టలేం, ఉంటే హాయిగ పట్టుకోవచ్చు. ముందు అద్దంలకెల్లి వచ్చే ఎండను అది ఆపుతది. పక్క అద్దాలు, పైకప్పు కాగుతనే ఉంటయి గద, అందుకని లోపలి గాలి మాత్రం ఓ నాలుగు డిగ్రీలే తగ్గింది. సీటు దగ్గర..."

అక్కడ ఆగిపోయాను. స్టీరింగు పట్టేది ఆయన. ఆ సీటులో, ఆ గాలిలో, అది చల్లబడేదాకా కూర్చునేది నేను. నా చేతులతో నేను కట్టిన థర్మామీటర్లు ఆ మాట ప్రతిరోజూ చెప్పాయి. నేను అంకెలు చదివి ఊరుకున్నాను.

"చూసిన్రా, గాలి గట్లనే ఉన్నది," ఆయన చేయి కడుక్కుంటూ నవ్వాడు. "సగం నేనే గెలిచిన."

అందరూ లేచారు. ఆ కొత్త కాలనీలో చెట్లు లేవు. కార్లన్నీ మట్టి మైదానంలో ఎండకు నిలబడి ఉన్నాయి. షామియానా అంచున ఆయన తాళంచెవి చాపాడు. "పో కృపా, ఏసీ వేసి పెట్టు."

"మీరే పోండ్రి," అన్నాను. "స్టీరింగు ఏం కాలది."

"నాకు గా ఉక్కల కూసోవుడు పడది, నీకు తెల్వదా?"

"నాకూ పడది. డాక్టరమ్మ చెప్పినప్పుడు మీరు ఉన్నరు."

రూత్ చేతిలో ఆకువక్కల పళ్ళెం అలాగే ఆగింది. పాస్టరు గారు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇంతమందిల గిదేంది?" అని ఆయన మెల్లగా అన్నాడు. చాపిన చేయి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత ఆయన ఎండలోకి నడిచాడు, కారు తలుపు తీశాడు, లోపలి గాలి తగిలి ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్ళీ వంగి లోపల కూర్చున్నాడు. అందరూ అటే చూస్తున్నారు, ఆ తర్వాత నన్ను. సిగ్గుతో నా చెవులు మండిపోతున్నాయి. తల దించుకునే ఉన్నాను. నీడలోంచి మాత్రం కదలలేదు.