షర్బత్ పాళ్ళలో కూలెంటు

తెనాలిలో బయల్దేరి, బాపట్ల చుట్టుకుని, రేపల్లె చేరేదాకా నబీ సాహెబ్ ఫియట్ కారు దారిలో ఒక్కచోట కూడా ఆగలేదు. ఇది నలుగురిలో గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగిన మాట. నమ్మనివాళ్ళు ఆ రోజు ముందు సీట్లో కూర్చున్న వెంకటకృష్ణయ్యని అడగండి. సంగం జాగర్లమూడిలో పెద్ద రైతాయన, నబీ సాహెబ్‌ని బావా అని వరస కలిపి పిలిచే స్నేహితుడు. అబద్ధం ఆడటానికి కూడా బద్ధకించే మనిషి.

అప్పటికి ఆ కారుకి పాతికేళ్ళు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్నాయి. కొత్త కార్లు చప్పుడు లేకుండా జారిపోయేవి గానీ, నబీ సాహెబ్ కారు వస్తోందంటే రెండు వీధుల అవతల కుక్కలు ముందే లేచి దారిచ్చేవి. ఆయనది తెనాలిలో షర్బత్ కొట్టు. ఎండాకాలం ఊరు సగం తన గ్లాసుల మీదే బతుకుతోందని ఆయన నమ్మకం. కొట్టు మీద లేనంత ప్రేమ కారు మీద. భార్య హసీనాకి దాన్ని చూస్తేనే ఒళ్ళు మంట. ఎక్కినప్పుడల్లా ఏదో ఒక ఊరి పొలిమేరలో అది పొగలు కక్కడం, ఈవిడ దిగి ఎండలో నిలబడటం, దారిన పోయేవాళ్ళు సలహాలివ్వడం.

ఆ ఏడు మే నెలలో రేపల్లెలో కూతురు హీనా బిడ్డకి పేరు పెట్టే వేడుక వచ్చింది. దారిలో బాపట్లలో హసీనా చెల్లెలు నగ్మాని ఎక్కించుకోవాలి.

"బస్సులో పోదాం," అంది హసీనా.

"కారు పెట్టుకుని బస్సేంటి?"

"అయితే ఒక షరతు. రేపల్లె చేరేలోపు మీ కారు పొగ కక్కింది, నా కళ్ళతో నేను చూశాను అంటే, సోమవారం పాత ఇనుము కొండయ్య వచ్చి తోలుకుపోతాడు. మాట్లాడేశాను."

కొండయ్య కొట్లోకి ఏ బండైనా చక్రాల మీద వెళ్తుంది, తట్టల్లో బయటికొస్తుంది.

నబీ సాహెబ్ పరిగెత్తుకుంటూ స్పేరు పార్టుల కొట్టు కృపారావు దగ్గరికి వెళ్ళాడు. కృపారావు ఆకుపచ్చటి డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. "ఇన్నాళ్ళూ బోరు నీళ్ళు పోశారు సాయిబుగారూ, లోపలంతా తుప్పు పట్టుంటుంది. పాత నీళ్ళు తీసేసి, బాగా కడిగి, ఇంజను మరగకుండా ఈ కూలెంటు పొయ్యండి. సగం ఇది, సగం బ్యాటరీ నీళ్ళు. గుర్తుందిగా, సగానికి సగం."

"సగానికి సగం," అన్నాడు నబీ సాహెబ్, పాఠం అప్పజెప్పినట్టు.

మర్నాడు తెల్లారి, ఇంజను చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి, కింద కుళాయి విప్పాడు. టీ కొట్లో మూడోసారి మరిగించిన డికాక్షన్ లాంటి నీళ్ళు బళ్ళున దిగాయి. వెంకటకృష్ణయ్య అప్పటికే వచ్చి పంచె ఎగ్గట్టి రబ్బరు గొట్టం పట్టుకున్నాడు.

"బావా, ఇది రేడియేటరా, మురుక్కాలవా?"

"నువ్వు నీళ్ళు పెట్టు, కబుర్లు పెట్టకు."

"చేనుకి పెట్టినట్టు పెడతాలే. కాస్త పసుపు కూడా వేద్దామా? సన్నచిల్లులుంటే మూసుకుంటాయంటారు."

"ఇదేమన్నా పప్పనుకున్నావా, పోపు కూడా పెడతావా?"

దిగే నీళ్ళు తేటపడేదాకా కడిగారు, కుళాయి బిగించారు. అంతవరకూ ఇద్దరికీ వంక పెట్టడానికి లేదు. నబీ సాహెబ్ డబ్బా మూత తీసి లోపలికి చూశాడు. చిక్కటి ఆకుపచ్చ. జీవితమంతా గ్లాసులో బొటనవేలెత్తు పాకం పోసి, మిగతాది నీళ్ళతో నింపిన చెయ్యి ఆయనది. ఇంత చిక్కటి సరుకు సగానికి సగం పొయ్యాలంటే ఆ చెయ్యి ససేమిరా అంది. కృపారావుకి వ్యాపారం కావాలి గనక అలా చెప్పుంటాడు, ఇంత ఘాటు ఎవరు తట్టుకుంటారు అనుకున్నాడు. బిందెడు బ్యాటరీ నీళ్ళలో కొట్టు గరిటెతో రెండు గరిటెలు వేశాడు. కలిపాడు. వెలుగులో పెట్టి చూశాడు. పైన నిమ్మచెక్క ఒకటే తక్కువ. కృపారావు మాట పూర్తిగా తీసెయ్యలేక మరో అర గరిటె వేసి, డబ్బా మూత బిగించి వచ్చే ఏటికని అటకెక్కించాడు.

గుమ్మంలోంచి హసీనా అంది, "ఏంటండీ అంత పల్చగా ఉంది?"

"రంగు చూసి చెప్పడానికి నువ్వేమన్నా మెకానిక్కువా?"

"మీ కొట్లో గ్లాసులు చూసే మనిషిని. ఆ గరిటె మాత్రం మళ్ళీ కొట్లోకి వెళ్ళదు, అది విషం," అని గరిటె లాక్కుని చెత్తలో పడేసి, వాకిట్లో పడ్డ చుక్కలు మేక నాకకుండా కడిగించింది.

మూత తీసే ఉంచి ఇంజను తిప్పారు. గాలి బుడగలన్నీ పోయి నీళ్ళు కాస్త దిగితే మళ్ళీ నింపి మూత బిగించారు. కారు పిల్లిలా గుర్రుమంది. నబీ సాహెబ్ మీసం దువ్వుకున్నాడు.

పొన్నూరు చేరేసరికి వేడి చూపించే ముల్లు లేచి కూర్చుంది.

ఒక్కచోట కూడా ఆగలేదని మొదట్లో అన్నాను. ఆగింది. ఎన్నిచోట్ల ఆగిందో చెప్పడం కన్నా ఎక్కడ ఆగలేదో చెప్పడం తేలిక. అయితే అది ఆగలేదు, ఆయన ఆపాడు. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోవడం, నబీ సాహెబ్‌కి ఏదో ఒకటి గుర్తుకు రావడం.

"హసీనా, ఇక్కడ ముంజలు బాగుంటాయి."

ముంజలు తిన్నారు, ఇంజను చల్లారింది. కాస్త దూరం పోయాక, "కృష్ణయ్యా, నీకు కాళ్ళు పట్టేశాయన్నావు కదూ?"

"నేనెప్పుడన్నాను బావా?"

"అన్నావులే. దిగి నడు."

వెంకటకృష్ణయ్య దిగి, నడివేసవి ఎండలో ఎండిన పొలం గట్టు మీద పెళ్ళికొడుకులా అటూ ఇటూ నడిచాడు. వెనక సీట్లో హసీనా ఇంకో ముంజ ఒలుచుకుంది. బాపట్లలో నగ్మా ఎక్కేసరికి సీటు మీద ముంజల గెల, మామిడికాయల బుట్ట, రెండు కొత్త చేటలు ఉన్నాయి.

"ఏంటక్కా, సంతకెళ్ళొస్తున్నారా?"

"మీ బావగారికి ఇవాళ నా మీద మహా ప్రేమగా ఉంది. కళ్ళు తిప్పితే చాలు, కారాపుతున్నారు."

చెరుకుపల్లి దగ్గర ముల్లు ఎర్రగీత దాటింది. రోడ్డు పక్కన అడవులదీవి నుంచి వచ్చిన అన్నమ్మ ఎండురొయ్యలు అమ్ముతోంది. "అదుగో రొయ్యలు," అని ఆడవాళ్ళిద్దరినీ అక్కడ దింపి, నబీ సాహెబ్ కారుని రైసుమిల్లు వెనక్కి తోలి బానెట్టు ఎత్తాడు. వెంకటకృష్ణయ్య మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ముట్టుకోకు. మొహం ఉడికిపోద్ది. చల్లారాలి."

"చెల్లెమ్మ వచ్చేస్తుంది బావా."

"అన్నమ్మ బేరం అంత తొందరగా తెమిలేది కాదు."

నిజంగానే తెమల్లేదు. ఆగి ఆగి, తడి గోనెపట్టా వేసి, దూరంగా నిలబడి నబీ సాహెబ్ మూత కొద్దిగా తిప్పాడు. కొద్దిగా చాలింది. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. పైన పోతున్న కొంగ ఒకటి ఆ ఆవిరిలో దారి తెలీక గిరగిరా తిరిగి, వచ్చి వెంకటకృష్ణయ్య భుజం మీద వాలింది. ఆయన కదల్లేదు. కొంగా కదల్లేదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాసేపు చూసుకున్నారు. ఆవిరి అణిగాక ఇంజను తిప్పుతూ మిల్లు కుళాయి నీళ్ళు మెల్లగా పోశారు. ఉన్న ఆ కాస్త పచ్చరంగు కూడా పోయింది.

రేపల్లె కనుచూపు మేరలోకి వచ్చింది. నబీ సాహెబ్ పెదవులు కదులుతున్నాయి. దువా చేస్తున్నాడో, ముల్లుని బతిమాలుతున్నాడో తెలీదు. సరిగ్గా అప్పుడే బానెట్టు సందుల్లోంచి తెల్లగా, తీరిగ్గా, అగరొత్తుల పొగలా ఆవిరి లేచింది. దాచడానికి మిల్లు లేదు, దింపడానికి రొయ్యలు లేవు.

"అక్కా, పొగ," అంది నగ్మా.

నబీ సాహెబ్ కళ్ళ ముందు కొండయ్య సుత్తి ఎత్తాడు.

హసీనా ఒళ్ళో రొయ్యల పొట్లం సర్దుకుంది. కాళ్ళ దగ్గర ముంజలు, మామిడికాయలు, పక్కన చేటలు. ఇన్నేళ్ళలో బస్సు ఒక్కసారైనా ఆమె కోసం ముంజల దగ్గర ఆగిన పాపాన పోలేదు. ఆమె పక్క కిటికీలోంచి బయటికి చూసింది, చాలా శ్రద్ధగా.

"ఇటుకబట్టీ అనుకుంటా," అంది.

"బట్టీ ఎక్కడక్కా, మన కారు ముందే..."

"నగ్మా, ఇటుకబట్టీ అన్నానా లేదా?"

"అన్నావు."

"మరి చూడకు. కళ్ళల్లో నలకలు పడతాయి."

కారు ఆ ఆవిరి ముసుగులోనే హీనా గుమ్మం ముందు ఆగింది. నబీ సాహెబ్ దిగి వెనక తలుపు తీశాడు, ఏనాడూ తియ్యని మనిషి.

"చూశావా, పొగ లేదు," అన్నాడు, మొహం ఆవిరితో తడిసిపోయి.

"నేను చూళ్ళేదు. కొండయ్యకి వద్దని చెప్తాలెండి." చేటలు రెండూ ఆయన చేతుల్లో పెట్టింది. "ఇంటికెళ్ళగానే అటక మీద డబ్బా దింపి, దాని మీద రాసినట్టు సగానికి సగం పొయ్యండి. అది కారు. మీ కొట్టుకొచ్చే బేరం కాదు, పల్చగా పోసినా నోరు మూసుకుని తాగి పోవడానికి."

వెంకటకృష్ణయ్య నవ్వి నవ్వి బానెట్టు మీద చెయ్యి ఆనించి, కాలి, ఎగిరి, మళ్ళీ నవ్వాడు.

జరిగింది ఇదీ. ఇందులో కొంగ ఒక్కటే నాది. చెరుకుపల్లి పొలాల్లో కొంగలకేం తక్కువ లేదు గానీ, ఏదీ వచ్చి ఆయన భుజం మీద వాలలేదు. నీళ్ళు అంత ఎత్తు లేచాక పైనుంచి ఏదో ఒకటి దిగకపోతే బాగుండదని నేనే వాలనిచ్చాను.