వినాయకుడికి వెంకాయమ్మ పేరు

ముందుగా చదివేవాళ్లకి ఒక మనవి. మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో సాయంత్రపు బడికి వెళ్లి నేర్చుకున్న అక్షరాలు నావి. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం ఎక్కువైనా మన్నించండి. చెయ్యి కూడా నిదానం. ఈ కథ రాయడానికి వానాకాలమంతా పట్టింది. మీరు మాత్రం తొందరగా చదివెయ్యండి.

వినుకొండ బస్టాండు వెనక సందులో వీరాంజనేయులు ఫోటో స్టూడియో ఉండేది. అందులో సంతోషకుమారి ఫోటోలు కత్తిరించడానికి, కార్డులకు లామినేషన్ వెయ్యడానికి చేరింది. రెండువేల ఆరులో రీలు కెమెరా మూలపడి డిజిటల్ కెమెరా, దానితో పాటు కంప్యూటరూ వచ్చాయి. దాని ముందు కూర్చున్న కుర్రాడు హైదరాబాదు వెళ్లిపోవడంతో కుర్చీ ఖాళీ అయింది. అతను పనిచేస్తున్నన్నాళ్లూ వెనక నిలబడి చూసి సగం, వీరాంజనేయులు విసుక్కుంటూ చెప్పింది సగం, మొత్తానికి ఆమె పని పట్టేసింది. కత్తెర పట్టుకుని రోజంతా నిలబడే మనిషికి ఆ కుర్చీలో కూర్చుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది.

"మా బావమరిది కొడుకు శ్రీరామ్ నరసరావుపేటలో కంప్యూటర్ కోర్సు చేశాడు. సోమవారం వస్తానంటున్నాడు" అన్నాడు వీరాంజనేయులు ఒకరోజు. ఆమె మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "ముందు ఈ మిరపకాయల గోదాము కార్డుల పని నువ్వొక్కదానివే చెయ్యి. సవ్యంగా అయిందా, కుర్చీ నీది. అవలేదా, మళ్లీ కత్తెరే. నన్ననుకోవద్దు."

"అట్లాగే అన్నయ్యగారూ" అంది గానీ ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

పని ఇదీ. నరసరావుపేట రోడ్డులో జానకిరామయ్యగారి గోదాములో నలభైమంది ఆడవాళ్లు రంగుపోయిన తాలుకాయలు ఏరి, తొడిమలు తీస్తారు. సోమవారం నుంచి కార్డు ఉన్నవాళ్లనే గేటులోకి రానివ్వాలని ఆయన నిర్ణయించాడు. వీరాంజనేయులు గోదాముకి వెళ్లి గోడకి నీలం దుప్పటి కట్టి, అందర్నీ వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీసుకొచ్చాడు. కూర్చున్న వరసలోనే గుమాస్తా పేర్లు రాసిచ్చాడు. శనివారం పొద్దున్నే వీరాంజనేయులు దాచేపల్లిలో పెళ్లి ఫోటోలకి బస్సెక్కాడు.

సంతోషకుమారి పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి టైపు చేసింది. కంప్యూటర్లో ఫోటోలు సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. కెమెరా పెట్టిన అంకెల పేర్లు తీసేసి, మనం ఇచ్చిన పేర్లు వరసగా ఫోటోలన్నిటికీ ఒకేసారి పెట్టేస్తుంది. దాన్ని బ్యాచ్ రీనేమ్ అంటారు. ప్రింటు తీస్తే ఫోటో కింద ఫైలు పేరే అచ్చవుతుంది. ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని మీట నొక్కింది. కళ్లు తెరిచేసరికి పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి.

"అమ్మ నీ దుంపతెగ, ఇంతేనా!" అని పైకే అనేసింది.

ప్రింట్లు కత్తిరిస్తుంటే మాత్రం రెండు వింతలు కనిపించాయి. ఒక ఫోటోలో మనిషి లేదు, గోడమీది వినాయకుడి క్యాలెండరు ఉంది. కింద వెంకాయమ్మ అని పేరు. ఇంకో ఫోటోలో తలనెరిసిన పెద్దావిడ ఉంది గానీ కింద పేరు లేదు, కెమెరా అంకెలే ఉన్నాయి. సంతోషకుమారి కాసేపు ఆలోచించింది. ఎక్కడో పొరపాటు జరిగి వెంకాయమ్మ పేరు వినాయకుడికి తగిలింది, అంటే పేరులేని ఈ పెద్దావిడే వెంకాయమ్మ! తన తెలివికి తనే మురిసిపోయి, వినాయకుడి ఫైలుకి ఆ పేరు తీసేసి, పెద్దావిడ కింద వెంకాయమ్మ అని పెట్టి, వినాయకుణ్ణి కళ్లకద్దుకుని పక్కన పెట్టి, మిగతా కార్డులన్నిటికీ లామినేషన్ వేసేసింది.

ఆదివారం మధ్యాహ్నం గోదాము డ్రైవరు హయాత్ ట్రాక్టరు నిండా ఆడవాళ్లని ఎక్కించుకొచ్చి సందు మొదట్లో ఆపాడు. సందంతా మిరప ఘాటు. పక్క బట్టలకొట్టాయన తుమ్ముతూ లోపలికి పోయాడు. సంతోషకుమారి గుమ్మంలో నిలబడి మొదటి పేరు పిలిచింది.

"వెంకాయమ్మా!"

బొద్దుగా, పకపకా నవ్వుతూ ఒక నడివయసు మనిషి ముందుకొచ్చి కార్డు అందుకుంది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఏందమ్మాయ్, నేనింత ముసలిదాన్నయిపోయానా?"

వెనక నుంచి ముఠా పెద్ద బసవమ్మ తొంగిచూసింది. తలనెరిసిన పెద్దావిడ ఆమే. "ఒసే, అది నా మొహమే! ముసలిదంటావా? నీ పళ్లు రాలగొడతా!"

"నీ మొహం నీ దగ్గరే పెట్టుకో అత్తా. నాకు నాది ఇప్పించండి చాలు."

"రెబ్కా!" అని పిలిచింది సంతోషకుమారి. సన్నగా పొడుగ్గా ఉన్న రెబ్కా కార్డు చూసుకుని పక్కున నవ్వింది. అందులో ఉంది వెంకాయమ్మ.

"ఇదిగో వదినా, నువ్వు నా దగ్గరున్నావు. ఈ బుగ్గలతో ఇంటికి పోతే మా ఆయన గుమ్మం ఎక్కనిస్తాడా?"

"బతిమాలి మరీ ఎక్కించుకుంటాడు పోవే!"

సందంతా గొల్లుమంది. ఒకరి కార్డులో ఇంకొకరు, ఆమె కార్డులో వేరొకరు. అందరూ నవ్వుతూనే ఉన్నారు. సంతోషకుమారికి మాత్రం ఏడుపొచ్చేస్తోంది. సాయంత్రం బస్సుకి అన్నయ్యగారు దిగుతారు. తెల్లారితే గేటు దగ్గర కార్డులు చూపించాలి. తెల్లారితే శ్రీరామ్ కూడా వస్తాడు.

"ఏడవబాకమ్మాయ్, ఇప్పుడు ఏం కొంప మునిగింది" అంది బసవమ్మ. తర్వాత సందు దద్దరిల్లేలా అరిచింది. "ఒసేయ్, ఆ రోజు ఫోటోకి ఎట్లా కూర్చున్నారో అట్లా నిలబడండి! ఎవరి మొహం ఉన్న కార్డు వాళ్లు తీసుకోండి!"

తోసుకుంటూ, తిట్టుకుంటూ వరస కట్టారు. ముందు వెంకాయమ్మ, వెనక రెబ్కా, చివర బసవమ్మ. సంతోషకుమారి ఒక్కొక్కరి కార్డు మీద పేరు చదువుకుంటూ నడిచింది. వెంకాయమ్మ బొమ్మ కింద రెబ్కా పేరు. రెబ్కా బొమ్మ కింద ఆమె వెనకున్న మనిషి పేరు. ఎవరి బొమ్మ కింద చూసినా వెనకున్నామె పేరే. అంటే పేర్లన్నీ ఒక్క మనిషి ముందుకి జరిగాయి.

"మీకంటే ముందు ఎవరు కూర్చున్నారు వెంకాయమ్మగారూ?"

"ఎవరూ కూర్చోలా. నేనే మొదలు. మీ ఫోటోల సారు గోడమీద వినాయకుడికి ఒక ఫోటో కొట్టి దణ్ణం పెట్టుకుని, అప్పుడు నన్ను కూర్చోమన్నాడు."

సంతోషకుమారి నెత్తి కొట్టుకుంది. ఏ పని మొదలుపెట్టినా వీరాంజనేయులు మొదటి ఫోటో దేవుడికే తీస్తాడు. రీలు కెమెరా రోజుల నుంచీ అదే అలవాటు. గుమాస్తా రాసిన పేర్లలో దేవుడు లేడు, ఫోటోల్లో ఉన్నాడు.

పరుగున వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఆడవాళ్లు కిటికీ నిండా తలలు పెట్టారు. పేర్లు మారాక ఫోటోల వరస కూడా చెదిరిపోయి ఉంది. తీసిన సమయం ప్రకారం సర్దమంటే మళ్లీ వరసలోకి వచ్చాయి. అందరికంటే ముందు వినాయకుడు. తీసేద్దామని డిలీట్ మీటమీద వేలు పెట్టింది. వేలు కిందికి దిగలేదు.

"దేవుణ్ణి తీసేస్తావా ఏంది!" కిటికీలోంచి బసవమ్మ కేక. "కార్డులే కాదు, నీ పని కూడా పోద్ది!"

"తీసేదెందుకు, వేరే గదిలో కూర్చోబెట్టు. పెద్దాయన ఏమీ అనుకోడు" అంది రెబ్కా.

ఆ మాట బాగుందనిపించింది. కొత్త ఫోల్డరు ఒకటి చేసి దానికి దేవుడి గది అని పేరు పెట్టి వినాయకుణ్ణి అందులోకి పంపింది. ఇక పేర్లు పెడదామంటే సాఫ్ట్‌వేర్ మొరాయించింది. రెబ్కా పేరుతో ఒక ఫోటో ఇప్పటికే ఉందట. ఇంకొకటి కుదరదట. కాసేపు గోళ్లు కొరుక్కుంది. అప్పుడు తట్టింది. ముందు అందరికీ అంకెలు పెట్టేసి, ఆ తర్వాత పేర్లు పెడితే సరి.

"అయితే మేం కాసేపు పేరులేని వాళ్లమా?" అడిగింది వెంకాయమ్మ.

"ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఇచ్చేస్తాను."

ఈసారి ప్రింటు వెంటనే తీయలేదు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, తెరమీద మొహం చూపించి, పేరు చదివి వినిపించి, ఔనంటేనే పక్కకి పంపింది. సగంలో ఉండగా భుజాన కెమెరా సంచితో వీరాంజనేయులు దిగాడు.

"ఏందీ జాతర?"

సంతోషకుమారి లేచి నిలబడింది. దాచలేదు. పేర్లు జరగడం, పాడైన లామినేషన్లు, అన్నీ చెప్పి, పక్కన పెట్టిన వినాయకుడి బొమ్మ చేతికిచ్చింది. కింద వెంకాయమ్మ అన్న పేరు చూసి వీరాంజనేయులు పెదాలు బిగించాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"తప్పు నాదేనే అమ్మాయ్. చెప్పి వెళ్లాల్సింది. కానీ వినాయకుడికి కొట్టకపోతే నాకు చెయ్యి ఆడదు."

"కొట్టండి అన్నయ్యగారూ. ఇకనుంచి పేర్లలో కూడా ఆయనదే మొదట టైపు చేస్తాను."

అతను తెరవంక చూశాడు. బసవమ్మ లోపలికొచ్చి తన మొహం చూసుకుని, తన పేరు విని, ఔనని తల ఊపి వెళ్లింది. వీరాంజనేయులు జేబులోంచి సెల్లు తీసి వాకిట్లోకి నడిచాడు.

"బావా, మీ శ్రీరామ్‌ని రేపు రావద్దను... ఆఁ, మనిషి ఉంది... లేదు, కుర్చీ ఒకటే."

సంతోషకుమారి విననట్టే మళ్లీ కూర్చుంది. బయట హయాత్ హారన్ కొడుతున్నాడు. గుమ్మంలో వెంకాయమ్మ, తన ఫోటోలో కళ్లు సగం మూసుకున్నట్టున్నాయి, ఇంకొకటి తీస్తారా అని వీరాంజనేయుల్ని పట్టుకుని బతిమాలుతోంది.

"రేపు రా" అంటున్నాడతను. "ఆ అమ్మాయినడుగు. ఖాళీ ఉందో లేదో ఆమెకే తెలుసు."

యేలూరి నాంచారమ్మ
వయసు అరవై ఏడు
ప్రస్తుతం ఉండేది నల్లపాడులో