కారెక్కే పడవ

పడవ బరువెంతో చెప్పమంటే దుకాణదారు దాని రంగు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎంత ఎండకైనా వెలిసిపోదట. పదేళ్ళయినా పెళ్ళికూతురిలా ఉంటుందట.

అక్క గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదీ పది. పదకొండింటికల్లా ఆమె నీళ్ళ మీద ఉండాలి.

"రంగు మీ ఇంటి గోడలకేసుకోండి. బరువు చెప్పండి."

"ఎంతుంటుందమ్మా, ఓ యాభై. పువ్వులా లేస్తుంది."

"ఒరేయ్, కాటా పట్రా."

తమ్ముడు బయట నిలిపిన తన టాక్సీలోంచి ఇంట్లో ఒళ్ళు తూచుకునే కాటా తెచ్చాడు. ఒక కొస ఇటుకల మీద, ఒక కొస కాటా మీద పెట్టారు. తర్వాత కొసలు మార్చారు. ముప్పై ఆరొకటి, నలభై రెండొకటి.

"డెబ్భై ఎనిమిది," అన్నాడు తమ్ముడు. "నా కారు పైకప్పు డెబ్భై అయిదుకి మించి మోయదు బాబాయ్. అందులో కడ్డీలే ఆరు కిలోలు. మొదటి మలుపులోనే మీ పువ్వు నా నెత్తిన పూస్తుంది."

"ట్రెయిలర్ కట్టుకోండి. పైకప్పు మీద పడవేంటి, విడ్డూరం కాకపోతే!"

అక్కకు ఒళ్ళు మండిపోయింది. ట్రెయిలర్ కట్టుకునే దారే ఉంటే ఈ మనిషి మొహం చూసే కర్మ ఆమెకెందుకు?

చెరువులో నాన్న ఇరవై రెండేళ్ళుగా వలపంజరాల్లో చేపలు పెంచుతున్నాడు. ఒడ్డున ఫ్యాక్టరీ వచ్చి మూడేళ్ళయింది. గురువారం గురువారం వాళ్ళు తొట్లు కడిగి, ఆ నీళ్ళు గొట్టంలోంచి చెరువులోకి వదులుతారు. పోయిన నెల అలా వదిలిన మర్నాటికి నాన్న చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. చచ్చిన చేప నీళ్ళలో కుళ్ళితే బతికున్నదీ చస్తుంది. అందుకని చేపలు పెంచే ఎవరైనా చేసే పనే నాన్నా చేశాడు. ఒక్కటి కూడా వదలకుండా ఏరి, గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చేశాడు. ఇన్‌స్పెక్టర్ వారం తర్వాత తీరిగ్గా వచ్చి, "చచ్చిన చేపలేవి?" అని అడిగాడు. గొయ్యి తవ్వి చూపిస్తే అందులో సున్నమూ ముళ్ళూ తప్ప మరేం లేవు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నాన్న తన చేతులతోనే పాతిపెట్టుకున్నాడు.

'మేత ఎక్కువేసి చంపుకున్నారు' అని ఇన్‌స్పెక్టర్ రాసుకుపోయాడు. పంజరాలకీ, నాన్న ఇనుప పడవకీ సీలు వేశారు. రేపు శుక్రవారం విచారణ. అక్కడ చూపించడానికి ఏమీ లేకపోతే నాన్న లైసెన్సు పోతుంది. నోటీసొచ్చి మూడు రోజులే అయింది. గొట్టం మూతి దగ్గర, నీళ్ళు పడుతుండగా మూడు సీసాలు నిండుగా పట్టి తెస్తేనే పరీక్ష చెల్లుతుందని ప్రయోగశాల వాళ్ళు చెప్పారు. నీళ్ళు వదిలేది ఇవాళే, అదీ పదకొండున్నర దాకానే. ట్రెయిలర్ దిగే ఏటవాలు దారి చెరువుకి ఒక్కటే ఉంది. అది ఫ్యాక్టరీ గేటు లోపలుంది. మిగతా ఒడ్డంతా రాళ్ళు. అక్కడ చేతుల మీద మోసుకెళ్ళే పడవ తప్ప మరొకటి దిగదు.

"ఇంకోటి చూపించండి," అంది.

గాలి కొట్టే రబ్బరు పడవ చూపించాడు. చంకలో పెట్టుకుపోవచ్చు. కానీ గొట్టం చుట్టూ తుప్పుపట్టిన ఊచలున్నాయి. ఒక్కటి గుచ్చుకుంటే నడి నీళ్ళలో బుడగ పేలినట్టే. ఆమె తల అడ్డంగా ఊపింది. మూలన బోర్లించిన అల్యూమినియం పడవ కనిపించింది. పదడుగులుంటుంది. ఒంటి నిండా సొట్టలే.

"అది పాతది తల్లీ. మీలాంటివాళ్ళకి ఏం బావుంటుంది?"

"సంబంధం చూడ్డానికి రాలేదు. తూచరా."

నలభై ఒకటి.

ఇంజను దగ్గర మళ్ళీ పేచీ. అయిదు గుర్రాల శక్తిది తీసుకోమని అతను, రెండున్నర చాలని ఆమె. "అది పదిహేడు కిలోలే. ఒక్కదాన్నే డిక్కీలోంచి తీసి తగిలించుకోగలను," అంది. ఏ పక్కకి పడుకోబెట్టాలో కూడా ఆమే తమ్ముడికి చూపించింది. రెండో పక్కకి తిప్పితే ఆయిల్ ఎక్కకూడని చోటికెక్కి ఇంజను మొరాయిస్తుంది.

పడవను పెరటి తలుపులోంచి బయటికి తీస్తుండగా చూసింది. రిపేరు షెడ్డులో, మూత తీసిన ఇంజనుతో, పక్కన ఫ్యాక్టరీ పేరు రాసి ఉన్న గస్తీ పడవ.

దుకాణదారు ఆమె చూపునే చూస్తున్నాడు. "ఇంతకీ ఎక్కడ దింపుతారమ్మా?" అన్నాడు తేనె పూసినట్టు.

తమ్ముడు ఆమె చెయ్యి గిల్లాడు. ఆమె ఆగలేదు. "ఆ గస్తీ పడవ ఎవరిదో, వాళ్ళ గొట్టం ఉందే, దాని మూతి కిందే దింపుతా. పోయి చెప్పుకో!"

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు.

దుకాణదారు బిల్లు పుస్తకం మూసేశాడు. "సాయంత్రం రండి. యజమాని సంతకం కావాలి."

"యజమానివి నువ్వే కదయ్యా! గోడ మీద 'యజమాని' అని నీ ఫొటోనే ఉందిగా, దండ ఒక్కటే తక్కువ."

డబ్బు బల్ల మీద పెట్టి పడవ ముందు కొస ఎత్తింది. తమ్ముడు వెనక కొస అందుకున్నాడు. దుకాణదారు అడ్డొచ్చాడు. ఆమె ఆగలేదు. పడవ ముక్కు అతని బొజ్జని తాకేసరికి అతనే పక్కకి తప్పుకున్నాడు. వాళ్ళు కడ్డీలకి పట్టీలు బిగిస్తుంటే లోపల ఫోన్లో అతని గొంతు వినిపిస్తూనే ఉంది.

"నోరా అది, ఫ్యాక్టరీ గొట్టమా?" కారు కదలగానే తమ్ముడు మొదలెట్టాడు. "వదిలావంటే చేపలన్నీ చస్తాయి!"

"మాట్లాడకుండా తోలరా."

"తోలుతున్నా. బళ్ళు ఓడలవుతాయంటే ఏంటో అనుకున్నా. నా బండి ఓడయింది, నా బతుకు గోడు అయింది."

ఆమె నవ్వలేదు. తన మీద తనకే పీకలదాకా కోపంగా ఉంది. మూడు రోజులు గుట్టుగా దాచిన మాట మూడు క్షణాల్లో విసిరి పారేసింది. వాళ్ళు గొట్టం కట్టేస్తే అంతా అయిపోయినట్టే.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా పడవని రాళ్ళ మీంచి దించారు. రెండుసార్లు జారారు. తమ్ముడి మోకాలు చీరుకుపోయింది. తాడు నాలుగోసారి లాగితే ఇంజను అందుకుంది.

గొట్టంలోంచి నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి. దుకాణదారు చేరేసిన మాట ఇంకా ఇక్కడి దాకా రానట్టుంది. పసుపు నురగ, ముక్కు పగిలే వాసన. తమ్ముడు ఒక చేత్తో ఊచ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ ఎత్తి వీడియో మొదలెట్టాడు. ఆమె మొదటి సీసా నింపింది.

"ఏయ్! ఎవరక్కడ?" గోడ మీంచి కాపలావాడు. "అది కంపెనీ స్థలం!"

"గోడ మీ కంపెనీది. నీళ్ళు కూడా మీ తాతవేనా?"

"పోతారా, పోలీసుల్ని పిలవనా?"

"పిలువు! వచ్చేటప్పుడు గ్లాసు తెచ్చుకోమను. ఒక్కొక్కడికీ పోస్తా!"

రెండో సీసా నిండింది. కాపలావాడు వెనక్కి తిరిగి చేతులూపుతూ అరుస్తున్నాడు, "కట్టెయ్యండి! కట్టెయ్యండి!" ధార సన్నబడింది. మూడో సీసా సగమైనా కాలేదు.

"అక్కా, చాలు, పద!"

"మూడూ నిండాలిరా."

సీసా మూతికి ధార అందడం లేదు. ఆమె అరచెయ్యి దొప్పలా వంచి గొట్టం పెదవికి ఆనించింది. నీళ్ళు వేళ్ళ మీదుగా సీసాలోకి కారాయి. చర్మం మీద నిప్పు పెట్టినట్టయింది. కేక బయటికి రాకుండా పెదవి కొరికింది. చేప మొప్పల్లోంచి వెళ్ళింది ఇదే. నాన్న పొద్దూ సాయంత్రం పేరు పెట్టి పిలిచినట్టు పిలిచి మేతేసిన చేపలు. సీసా మెడ దాకా నిండింది. మూత బిగించింది.

తల తిప్పి చూస్తే వాళ్ళ కారు పక్కన ఫ్యాక్టరీ జీపు. ముగ్గురు దిగారు. ఒకడు కారు ముందు టైరు గాలి తీస్తున్నాడు.

"నా బండి!" అన్నాడు తమ్ముడు.

"అటు వెళ్తే సీసాలు లాక్కుంటారు. అవతలి ఒడ్డుకి తిప్పు."

చెరువు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. జీపు చుట్టూ తిరిగి రావాలంటే గంట. అవతలి బురదలోకి పడవ ముక్కు దిగబడగానే ఆమె సీసాల సంచి భుజానికేసుకుని గట్టెక్కేసింది.

"పడవో? కొన్న పూటే వదిలేస్తామా? ఇంజను కూడా ఉందే!"

"దాని పని అయిపోయింది. బస్సొస్తోంది, పరిగెత్తు!"

బస్సులో అందరూ ముక్కు మూసుకున్నారు. ఎవరూ వాళ్ళ పక్కన కూర్చోలేదు. ఆమె సంచిని ఒళ్ళోంచి దించలేదు.

ప్రయోగశాలలో ఉద్యోగి సీసాలు వెలుతురుకి పట్టి చూశాడు. వీడియో చూశాడు. తర్వాత ఆమె చెయ్యి చూశాడు. మణికట్టు దాకా ఎర్రగా ఉడికిపోయి, వేళ్ళ మధ్య తోలు లేస్తోంది.

"అయ్యయ్యో! అక్కడ కుళాయి ఉందమ్మా, ముందు కడుక్కోండి!"

"ముందు సీలు వెయ్యండి."

"చెయ్యి పోతుందమ్మా!"

"వేస్తారా, వెయ్యరా?"

అతను లక్క వెలిగించాడు. తమ్ముడు కుళాయి దగ్గరికి పరిగెత్తి, అక్కడున్న బకెట్‌తో నీళ్ళు తెచ్చి ఆమె చేతిని అందులో ముంచాడు. ఆమె అటు చూడనైనా లేదు. మూడో సీసా మీద ముద్ర పడి, లక్క ఆరి గట్టిపడేదాకా ఆమె కళ్ళు బల్ల మీంచి కదల్లేదు.