తప్పు వరసలో పాడిన చరణం

కూతురి పెళ్లిరోజు కూడా కాడ్ చేపల వేటకు పోయే తండ్రి మా న్యూఫౌండ్‌లాండ్ తీరం మొత్తం మీద ఒక్కడే ఉంటాడు. నా ఖర్మకొద్దీ నాకే మొగుడిగా దొరికాడు. ఆంబ్రోస్ తిరిగొచ్చేసరికి కుడిచేతి నడిమివేలిలో గాలం దిగబడి ఉంది. ఊరు మొత్తానికి అకార్డియన్ వాయించేది అతనొక్కడే. సాయంత్రం మా ట్రైఫీనా పెళ్లి డాన్సుకు ఆ వాయిద్యం లేకపోతే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి.

ఊళ్లో పురుళ్లు పోసే సెలీనా అత్త వచ్చి చూసింది. మత్తుసూది మందు తెచ్చే పడవ మంచులో చిక్కుకుని నాలుగు రోజులైంది.

"కోస్తే కుట్లు పడతాయి, పదిరోజులు వాయించలేవు. దారం కట్టి ఒక్క లాగు లాగితే చిన్న చిల్లే మిగులుతుంది. కానీ చెయ్యి కదపకూడదురా," అంది.

"ముందు కాస్త రమ్ము పొయ్యత్తా, మొద్దుబారుతుంది," అన్నాడు ఆంబ్రోస్.

"మొద్దుబారేది వేలు కాదు, బుర్ర. దానికి రమ్ము అక్కర్లేదు," అన్నాను నేను.

నేను లవంగనూనె తెస్తే, "అది పంటికమ్మా, ఇంత లోతుకు దిగదు," అంది అత్త. రేవులోకి కొట్టుకొచ్చిన మంచుకొండ ముక్కను పగలగొట్టి, గుడ్డలో చుట్టి వేలికి అదిమింది. వేలు తెల్లబడింది. అయినా దారం బిగించగానే ఆంబ్రోస్ చెయ్యి లాగేసుకున్నాడు. రెండోసారీ అంతే. పిల్ల పెళ్లి మూగపెళ్లి అయిపోతుందని నాకు ఏడుపొచ్చింది.

అత్త మళ్లీ మంచు పెట్టి, మునిగిన ఓడ పాట అందుకుంది. ఆ పాటకు ఇరవైమూడు చరణాలు. ఒక్కటి వరస తప్పినా మావాళ్లు ఊరుకోలేరు, ఆంబ్రోస్ మరీనూ. ఆమె ఆరోది అయ్యాక తాపీగా తొమ్మిదోది పాడింది.

"ఆగత్తా. కెప్టెన్ అప్పుడే ఎలా చస్తాడు? ఇంకా తెరచాప చిరగలేదుగా."

"మర్చిపోయాన్రా. ఏదీ, నువ్వు పాడు."

ఆంబ్రోస్ కళ్లు మూసుకుని ఏడో చరణం, ఎనిమిదో చరణం పాడి, "ఇదిగో, ఇప్పుడు చావాలి," అని కళ్లు తెరిచాడు. గాలం గోడకు తగిలి కింద పడి ఉంది.

"ఎప్పుడు లాగావు?"

"తెరచాప చిరిగినప్పుడు."

సాయంత్రం వేలికి పీలిక చుట్టుకునే వాయించాడు. ట్రైఫీనా చెప్పులు అరిగేలా ఎగిరింది. నేనూ ఎగిరాను, సంతోషం పట్టలేక. మధ్యలో అత్త పాట అందుకునేసరికి మాత్రం ఆంబ్రోస్ అకార్డియన్ దించి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.