పైడమ్మ ఒడిలో రాతబల్ల

నేను ఒక రాతబల్లను. కాళ్లు లేవు, ఒడిలో పెట్టుకుని రాసుకునే చెక్కను. భీమిలి తీరంలో విరిగిపోయిన పడవ పలకను కోసి, చిత్రిక పట్టి, సింహాచలం అనే వడ్రంగి నన్ను తన కూతురి పరీక్షల కోసం చేశాడు. ఆ పిల్ల లెక్కల్లో రెండుసార్లు తప్పింది. నేను అచ్చిరాలేదని, పోస్టాఫీసులో పనిచేసే పైడమ్మకు ఇచ్చేశారు. తప్పు మోయడానికి మనుషులకు ఎప్పుడూ ఒక చెక్క కావాలి.

పైడమ్మ పగలంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టేది. సాయంత్రం కథలు రాసేది. ఆ కథల్లో సముద్రం అద్దె ఇల్లు వెతుక్కుంటూ వీధుల్లో తిరిగేది. లైట్‌హౌసు పెళ్లిచూపులకు వెళ్లేది. ఆమె రాస్తున్నంతసేపూ నేను మళ్లీ నీళ్ల మీద ఊగుతున్నట్టే ఉండేది. పత్రికలవాళ్లు సగం కథలు తిప్పి పంపేవారు, జీవితం గురించి రాయమని. ఆమె ఆ ఉత్తరాల వెనకవైపే మరో కథ మొదలుపెట్టేది.

ఆమె అక్క అసిరమ్మ అదే ఇంట్లో బట్టలు కుట్టేది. "లైట్‌హౌసుకి పెళ్లేటే? నీకు మతిగానీ పోయిందా?" అని విసుక్కునేది.

యాభై ఎనిమిదో ఏట పక్షవాతం వచ్చి పైడమ్మ కుడిచేయి పడిపోయింది. అప్పటికి ఒక కథ సగంలో ఉంది. వానలు లేని ఊరికి ఒక ముసలి మేఘం కాలినడకన బయలుదేరింది. మూడు నెలలు నేను గోడకు ఆనుకుని ఉన్నాను. పైడమ్మ నా వైపు చూసేది కాదు.

ఒక మధ్యాహ్నం అసిరమ్మ నన్ను తన ఒడిలోకి తీసుకుంది.

"చెప్పు, రాస్తాను. తప్పులుంటే నవ్వకు."

ఆమె కలం సూదిలా దిగేది. మేఘం కొండ దాకా వచ్చి, కాళ్లు లాగి కూలబడింది. అక్కడ పైడమ్మ ఆగిపోయింది.

"ఇంకేటీ తోచట్లేదప్పా. వొదిలేద్దాం."

అసిరమ్మ కిటికీలోంచి కాసేపు బయటకు చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే రాసి, పైకి చదివింది. "కొండకింద ఒకామె మేగాన్ని అరుగుమీద కూకోబెట్టి, చిరుగులు కుట్టి, తాగడానికి నీళ్లిచ్చి పంపింది."

పైడమ్మ నవ్వింది. సగం పెదవి కదలకపోయినా నవ్వింది.

ఆ కథ ఇద్దరి పేర్లతో అచ్చయింది.

ఇప్పుడు పైడమ్మ లేదు. మధ్యాహ్నాలు అసిరమ్మ మిషను ఆపి, నన్ను ఒడిలోకి తీసుకుంటుంది. నిన్న ఒక తాటిచెట్టు జ్వరం వచ్చి ఆసుపత్రికి బయలుదేరింది. ఇంకా దారిలోనే ఉంది.