బానెట్ కింద మిరియం

నేను ఒక సర్వీసు జీపును. నవ్వకండి, ఇంకా సర్వీసులోనే ఉన్నాను. మొదట ఒక కాఫీతోట మేనేజరుగారు నన్ను నడిపారు. నాకు నాలుగో గేరుందన్న సంగతి ఆయనకు చివరిదాకా తెలియలేదు. తర్వాత ఒక కాంట్రాక్టరు రాళ్లు మోయించి నా నడుం విరగ్గొట్టాడు. ఆఖరికి లంబసింగి దగ్గర పాంగి బొంజుబాబు చేతికొచ్చాను. ఎనిమిదిమంది పట్టే నాలో పదహారుమందిని కుక్కుతాడు. ఘాట్‌రోడ్డు ఎక్కలేక నేను మూలిగితే, "పాపం, ముసిలిదైపోనాది" అని ఆ పదహారుమందే జాలిపడతారు. దిగేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

బొంజుబాబు భార్య కొండమ్మ ఒక పిల్లిని పెంచుతోంది. నల్లగా, బుల్లిగా ఉంటుందని దాన్ని మిరియం అంటారు. ఇదివరకు చలికాలమంతా అది మట్టిపొయ్యిలో, వెచ్చటి బూడిదలో పడుకునేది. కిందటేడు ఇంట్లోకి గ్యాసుపొయ్యి రాగానే మట్టిపొయ్యి పగలగొట్టేశారు. పిల్లి ఎక్కడ పడుకుంటుందని ఒక్కరూ అనుకోలేదు.

దానికి నేను దొరికాను. ఆఖరి ట్రిప్పు ముగించి నేను ఇల్లు చేరగానే చక్రం మీదుగా పైకెక్కి, బానెట్ కింద నా ఇంజను మీద ముడుచుకునేది. నిజం చెప్పొద్దూ, ఎంత హాయిగా ఉండేదో! ఇన్నేళ్లలో నన్నెక్కినవాళ్లంతా ఎక్కడికో పోవడానికి ఎక్కినవాళ్లే. ఇదొక్కటే నా దగ్గర ఉండటానికి వచ్చింది. కానీ నా ఫ్యాను రెక్కల సంగతి నాకు తెలుసు కదా. తెల్లారుతోందంటే చాలు, గుండెలు పీచుపీచుమనేవి.

ఇన్నాళ్లూ దాన్ని కాపాడింది బొంజుబాబు పట్టింపే. బండి తీసేటప్పుడు పిల్లి ఎదురు రాకూడదంటాడు. అందుకని పొద్దున్నే కొండమ్మ దాన్ని పిలిచి కోళ్లగంప కింద మూసేది. నేను మలుపు తిరిగాక గంప ఎత్తేది.

పుష్యమాసంలో ఒక సంతరోజు. మంచులో ఎదురుగా ఉన్న మనిషి కనబడటం లేదు. బొంజుబాబు నన్ను కాసేపు స్టార్టు చేసి, జనం నిండాక పోదామని ఆపేశాడు. పాపం మిరియం చలికి వణుకుతోందని కొండమ్మ గంప కింద గోనెసంచి పరిచింది. ఆ సంచి మడత మీద గంప అంచు సరిగ్గా ఆనలేదు. ఆ సందులోంచి మిరియం జారుకుని, వెచ్చగా ఉన్న నా దగ్గరికే వచ్చేసింది.

"గంప కింద ఉన్నాదా?" అన్నాడు బొంజుబాబు.

"ఉన్నాదిలేవయ్యా, నువ్వు కదులు."

తాళం తిప్పాడు. నేను కదల్లేదు. నేనే ఆగానని గొప్పలు పోను. నా బ్యాటరీకి ఓపిక అయిపోయింది, అంతే. "దీని దుంపతెగ! దిగి తొయ్యండర్రా" అన్నాడు. ముందు పల్లం. నాలుగడుగులు దొర్లితే ఇంజను అందుకుంటుంది. వద్దర్రా, నా కడుపులో పిల్లి ఉందర్రా అని అరవాలి. నాకున్న నోరు హారనొక్కటే. అదీ బొంజుబాబు నొక్కితేనే.

దొర్లాను. అందుకున్నాను. లోపల ఒక్క కేక!

"ఓలమ్మో, నా మిరియం!" అంటూ కొండమ్మ పరిగెత్తుకొచ్చింది. బొంజుబాబు ఇంజను ఆపి, దూకి, బానెట్ ఎత్తాడు. తోక సగం లేదు. వెనక్కాలు వేలాడుతోంది. మెడలోని మఫ్లరు తీసి దాన్ని చుట్టాడు.

"సంత సంగతి తర్వాత. పశువులాసుపత్రికి పోదాం, తొయ్యండి" అన్నాడు. సంతకని ఎక్కించిన అల్లం బస్తాలు దింపేసి అందరూ మళ్లీ తోశారు. ఆ ఘాటు మీద నేనెప్పుడూ అలా పరిగెత్తలేదు. నేను చేసిన గాయాన్ని నేనే మోసుకుపోతున్నాను. దాన్ని కాపాడమని నేనెవరికి మొక్కను?

మిరియం బతికింది. ఇప్పుడు ఇంట్లో, తలుపు వెనక, చెక్కపెట్టెలో కొండమ్మ పాత స్వెట్టరు మీద పడుకుంటోంది. పిల్లి ఇంట్లో కళ్లెదుటే ఉన్నా సరే, బొంజుబాబు రోజూ బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, ఎత్తి చూసిగానీ తాళం తిప్పడు. మిగతా డ్రైవర్లు నవ్వారు. ఇప్పుడు వాళ్లూ కొడుతున్నారు.

పగలు వాకిట్లో నేనుంటే మిరియం గోడవారగా, కుంటుకుంటూ చుట్టూ తిరిగిపోతుంది. నా వంక చూడదు. మంచిదే, రాకూడదు. ఆఖరి ట్రిప్పు అయ్యాక నా ఇంజను చల్లారడానికి గంట పడుతుంది. ఆ గంటసేపూ, అది రాకూడదని దేవుడికి దండం పెట్టుకుంటూనే, అది వస్తుందేమోనని చూస్తూ ఉంటాను.