బాగేపల్లి ల్యాబు వేసిన ‘రెండు’

ల్యాబుల నుంచి అంకెలుగా వచ్చే ఫలితాలను ప్రోగ్రాం రాసి, మామూలు మనుషులు చదువుకోగల మాటలుగా మార్చడం చిక్కబళ్ళాపుర ఆరోగ్య సర్వే ఆఫీసులో అనఘ పని. ఆ మాటలే చీటీలుగా అచ్చయి గర్భిణుల చేతికి వెళ్తాయి.

మంగళవారం మధ్యాహ్నం ఏదో సరిచూసుకుందామని బాగేపల్లి ల్యాబు కాగితం తిరగేసిన అనఘ ఒక అంకె దగ్గర ఆగిపోయింది. చింతామణి ల్యాబులో హెపటైటిస్ బి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. బాగేపల్లి వాళ్ళు మాత్రం మళ్ళీ పరీక్షించాక జబ్బు ఖాయమైనవాళ్ళకు రెండు వేశారు. ఆమె ప్రోగ్రాంలో ఒకటికి ‘ఉంది’, ఇంకేది వచ్చినా ‘లేదు’. జబ్బు ఖాయమైనవాళ్ళకే లేదని చీటీలు వెళ్ళిపోయాయి.

వెతికితే ముగ్గురు తేలారు. ఎవరికీ తెలియకుండా ఫైలు దిద్దేస్తే అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. అలా అనిపించినందుకే ఆమెకు మరింత భయం వేసింది. లేచి వెళ్ళి ఆఫీసరు మురళీధరకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన తిట్టలేదు, ముందు ఫోన్లు చెయ్యమన్నాడు.

ఇద్దరికి ఇంకా నెలలు నిండలేదు. మూడో ఆమె పేరు ఆశ. ఆ నంబరుకు ఆమె తల్లి మునివెంకటమ్మ పలికింది.

“పొద్దున ఏడుకే కాన్పయిందమ్మా, ఆడబిడ్డ. బాగేపల్లి ఆస్పత్రిలోనే ఉండాము. ఏమి కావల్ల?”

తల్లికి ఆ జబ్బుంటే బిడ్డకు పన్నెండు గంటల్లోపు రెండు సూదులు పడాలి. అప్పటికే మూడు దాటింది. అక్కడి డాక్టరమ్మ దగ్గర ఒకటే ఉంది. రెండోది చిక్కబళ్ళాపుర ఆస్పత్రిలో తీసుకుని, ఐసు డబ్బాలో పెట్టుకుని అనఘ, మురళీధర జీపెక్కారు. పేరేసంద్ర దాటాక లారీ ఒకటి అడ్డం తిరిగి అరగంట ఆగిపోయారు. అనఘ ఒళ్ళోని డబ్బా మూత ఊడకుండా నొక్కి పట్టుకుని కూర్చుంది.

ఆరింటికి సూదులు పడ్డాయి. డాక్టరమ్మ ఆశకు సంగతంతా చెప్పింది. పక్కనే ఉన్న మునివెంకటమ్మ చీటీ తీసి చూపింది.

“దీంట్లో లేదని ఉండాది. ఇప్పుడు ఉండాదంటాండారు. దేన్ని నమ్మేది?”

“చీటీ తప్పమ్మా. ఆ తప్పు నాదే,” అంది అనఘ.

ఆశ ఆమె వైపు చూడనే లేదు. బిడ్డకు వస్తాదా అని డాక్టరమ్మను అడిగింది. బహుశా రాదు, బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక పరీక్షిస్తే గాని గట్టిగా చెప్పలేమంది ఆవిడ.

మర్నాడు అనఘ, తెలియని అంకె ఎదురైతే ప్రోగ్రాం ఆగిపోయేలా మార్చింది. భయం మాత్రం తగ్గలేదు. తొమ్మిది నెలలూ దాన్ని మోయాల్సిందే.